పొట్ట వచ్చిన సిలిండరు

ఆ రోజుకి టైలరు గారి ప్లాను చాలా చిన్నది. వారానికోసారి వచ్చే షాపు సెలవు. పొద్దున్నే మామగారి మోటారు సైకిలు సిలిండరు ఎంత అరిగిందో కొలవాలి, ఆ అంకెలు చీటీ మీద రాసి, ఇంజను సిలిండర్లు లోపల చెక్కి నునుపు చేసే బోరింగు మేస్త్రికి ఇచ్చి రావాలి, భోంచేసి ఓ కునుకు తీయాలి. అంతే. ఇందులో సాయంత్రానికి పెరట్లో నలభై మంది పోగవడానికీ, ఒక కాలేజీ లెక్చరరు రంపం పట్టుకుని రావడానికీ సందు ఎక్కడుందో మీరే చెప్పండి.

ముందు బండి సంగతి. దాని వయసు యాభై రెండు. మామగారు ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నది. టైలరు గారి భార్య చిన్నప్పుడు దాని ట్యాంకు మీద కూర్చునే బడికి వెళ్ళేది. మామగారి మోకాళ్ళు కిక్కు కొట్టనని మొండికేశాక అది పెరట్లో రేకుల షెడ్డు కింద పదకొండేళ్ళు పడి ఉంది. మామగారికిప్పుడు ఎనభై ఒకటి. కూతురి దగ్గరే ఉంటారు. ఇది కావాలని, అది కావాలని నోరు తెరిచి అడిగే మనిషి కాదు. అలాంటిది రెండు నెలల కిందట ఓ సాయంత్రం అల్లుణ్ణి పిలిచి, "అల్లుడు గారూ, ముందు కూర్చునే వయసు కాదని నాకూ తెలుసు. వెనక కూర్చుని వంతెన దాకా ఒక్క రౌండు కొట్టొస్తే చాలు" అన్నారు. ఇన్నేళ్ళలో ఆయన అడిగింది అదొక్కటే.

టైలరు గారు ఆ మర్నాడే షెడ్డులోకి దూరారు. బోరింగు మేస్త్రి చెప్పినట్టల్లా చేస్తూ ఇంజను విప్పి, ముక్కముక్కనీ కిరసనాయిలుతో కడిగి, పాత దుప్పటి మీద వరసగా పరిచారు. అన్నీ బాగానే ఉన్నాయి. మిగిలింది సిలిండరు. దాని దగ్గరే మేస్త్రి గొంతు తగ్గించాడు.

"చూడండి టైలరు గారూ, దీని లోపలి గోడ చెక్కి ఇప్పటికే రెండుసార్లు బోరు కొట్టారు. మూడోసారి కొట్టడానికి గోడకి మందం లేదు. లోపల లైనరు, అదే ఇంకో పల్చటి గొట్టం, వేద్దామన్నా చోటు లేదు. ఇలాంటిది ఇంకోటి వెతుకుదామంటే దొరకదు, తయారు చేసేవాళ్ళు మానేసి ముప్పై ఏళ్ళయింది. అరుగుదల పది గీతల్లోపు ఉంటే కొత్త రింగులు వేసి పరిగెత్తిద్దాం. పది దాటిందా..." అని ఆగి, రెండు చేతులూ జోడించాడు. టైలరు గారికి కాదు, సిలిండరుకి.

"గీతంటే ఎంత మేస్త్రీ?"

"మీ తల వెంట్రుక ఒకటి పీకండి. దాన్ని నిలువునా ఏడు చీలికలు చేయండి. అందులో ఒక చీలిక."

టైలరు గారికి ఒళ్ళు జలదరించింది. ఆయన జీవితంలో అతి చిన్న కొలత సుద్దగీత మందం. అంతకన్నా చిన్నవి కూడా లోకంలో ఉంటాయనీ, వాటిని మనుషులు కొలుస్తారనీ, వాటి మీద ఒక ఇంజను చావుబతుకులు ఆధారపడతాయనీ ఆయనకి ఆ రోజే తెలిసింది. పిస్టను నిమిషానికి మూడు వేల సార్లు పైకీ కిందికీ పరిగెత్తుతుంది. అలా ఏళ్ళ తరబడి పరిగెత్తి, ఆ గోడలు తిన్నది అంతా కలిపి ఓ వెంట్రుకంత! ఎవరు పోశారో ఆ ఇనుము, ఎవరు నునుపు చేశారో, వాళ్ళ చేతులకి మొక్కాలి అనుకున్నారు.

కొలవడం మేస్త్రి పనే. కానీ ఆయనకి కంటి ఆపరేషనై వారం కాలేదు. నల్ల కళ్ళజోడులోంచి గోడ గడియారమే కనపడటం లేదు, గేజు మీద సూదేం కనపడుతుంది? ఆపరేషనుకి ముందే జీరో పెట్టి బిగించి ఉంచిన, లోపలి వెడల్పు కొలిచే బోరు గేజుని గుడ్డలో చుట్టి టైలరు గారి చేతికిచ్చాడు.

"మరలేవీ ముట్టుకోకండి. పైన, మధ్యలో, కింద, మూడు చోట్ల కొలవండి. ఒక్కోచోట నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి. ఇంకొకరైతే ఇచ్చేవాణ్ణి కాదు. ఇరవై ఏళ్ళుగా మీరు కుట్టిన ప్యాంట్లే వేస్తున్నాను. ఒక్కటంటే ఒక్కటి విప్పి కుట్టించిన పాపాన పోలేదు. మీ కొలతకి తిరుగేమిటి?"

నిజమే. ఆ చుట్టుపక్కల టైలరు గారి కొలతకి తిరుగులేదు. దానికాయన పాటించే పద్ధతి ఒకటుంది. ఆయన టేపు పెట్టి అంకె పైకి చెప్తారు, పక్కన స్టూలు మీద కూర్చున్న భార్య పుస్తకంలో రాస్తుంది. చెప్పిన అంకెని ఆయన మరుక్షణం మర్చిపోతారు. కావాలనే మర్చిపోతారు. గుర్తు పెట్టుకుంటే ఒకరి కొలత ఇంకొకరి గుడ్డ మీదికి పోతుందని ఆయన భయం. కత్తెర పట్టుకున్నాక పుస్తకంలో ఏముంటే అదే. ముప్పై ఏళ్ళుగా ఇదే పద్ధతి, ముప్పై ఏళ్ళుగా అదే స్టూలు.

సెలవు రోజు పొద్దున్న ఆ స్టూలు షెడ్డులోకి వచ్చింది. ఆవిడ పుస్తకం తెరిచి, పెన్సిలు చెక్కి, ప్రతి గిరాకీనీ అడిగినట్టే అడిగింది.

"వయసు?"

"యాభై రెండు" అన్నారు టైలరు గారు సిలిండరులోకి గేజు దించుతూ. "గట్టిగా ఊపిరి వదలకు. చేతి వేడి తగిలినా సూది కదులుతుందిట."

మామగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆయన అసలు ఊపిరే తీయడం లేదు. టైలరు గారు మేస్త్రి నేర్పినట్టు గేజుని మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపారు. సూది వెళ్ళి, ఒకచోట ఆగి, వెనక్కి తిరిగింది. అది తిరిగే చోటే కొలత. వెంట్రుకలో ఏడో వంతు తన కళ్ళ ముందు కదులుతోంది! ఆయన గొంతులోకి తెలియకుండానే పాత అలవాటు, పాత రాగం వచ్చేశాయి.

"ఛాతీ నిలువు... తొమ్మిది. అడ్డం... ఎనిమిది."

పెన్సిలు కదిలింది.

"నడుము నిలువు... ఎనిమిది. అడ్డం... ఏడు."

పెన్సిలు కదిలింది.

"సీటు... నాలుగు. అడ్డం... మూడు. అయిపోయింది."

ఆవిడ కాగితం చింపి ఇచ్చి, పొయ్యి మీద అన్నం ఉందని లోపలికి పరిగెత్తింది. టైలరు గారు అలవాటు ప్రకారం అన్నీ మర్చిపోయి, చీటీ జేబులో పెట్టుకుని బయల్దేరారు. సిలిండరు మాత్రం ఇంట్లోనే ఉంది. అది గడప దాటడానికి మామగారు ఒప్పుకోలేదు.

మేస్త్రికి చీటీ కనపడదు కాబట్టి టైలరు గారే చదివి వినిపించారు. ఛాతీ అంటే పైన, నడుము అంటే మధ్య, సీటు అంటే కింద అని వివరం కూడా చెప్పారు. "ఛాతీ తొమ్మిది, ఎనిమిది. నడుము పన్నెండు, పదకొండు. సీటు నాలుగు, మూడు."

మేస్త్రి నల్ల కళ్ళజోడు తీసేశాడు. డాక్టరు తీయొద్దన్నాడన్న సంగతి కూడా గుర్తు రాలేదు.

"మళ్ళీ చదవండి."

మళ్ళీ చదివారు.

"మధ్యలో పన్నెండా? పైన తొమ్మిదా? టైలరు గారూ, నేను నలభై అయిదేళ్ళుగా బోరు కొడుతున్నాను. ఏ సిలిండరైనా పైనే ఎక్కువ అరుగుతుంది. మంట ఉండేది అక్కడ, నూనె అందనిది అక్కడ, పిస్టను ఆగి వెనక్కి తిరిగేది అక్కడ. మధ్యలో అరగడమేమిటి? దీనికి పొట్ట వచ్చింది!"

"పొట్టా?"

"పొట్టే. నా చేతుల మీదుగా ఎన్ని వేల సిలిండర్లు వెళ్ళాయో. పొట్ట వచ్చిందాన్ని చూడలేదు. మా గురువు చూడలేదు. ఆయన గురువు చూశాడని కూడా ఎవరూ చెప్పలేదు." మేస్త్రి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఆపరేషను వల్లో ఆశ్చర్యం వల్లో తెలియలేదు.

టైలరు గారు మాత్రం చీటీ మళ్ళీ చూసుకున్నారు. పన్నెండు. పది దాటింది. "ఇంకోసారి కొలవనా మేస్త్రీ?"

"మీ కొలతని అనుమానిస్తే నా నడుముని నేను అనుమానించినట్టే" అన్నాడు మేస్త్రి ఖచ్చితంగా. "జీరో పెట్టింది నేను, కొలిచింది మీరు. ఇక తప్పెక్కడుంటుంది?"

ఆ మాటతో మళ్ళీ కొలిచే దారి మూసుకుపోయింది. మేస్త్రి ఆ అద్భుతాన్ని కడుపులో దాచుకోలేక కాలేజీలో ఇంజన్ల పాఠం చెప్పే లెక్చరరుకి ఫోను చేశాడు. లెక్చరరు గారు పాఠం మధ్యలో ఆపి వచ్చేశారు. కొలత ఎవరిది అని మాత్రం అడిగారు. టైలరు గారిదని చెప్పగానే తన బెల్టు మీద చెయ్యి వేసుకుని, "ఇంకేం మరి!" అన్నారు. ఆయన ప్యాంట్లు కూడా అక్కడివే.

ఇద్దరూ కలిసి సిద్ధాంతాల మీద సిద్ధాంతాలు లేవదీశారు. పిస్టను మధ్యలో ఒకవైపుకి ఒరిగి ఉంటుందని లెక్చరరు గారు. ఒరిగితే అడ్డం కూడా ఎందుకు పదకొండైందని మేస్త్రి. ఇనుము పోతలోనే మధ్యలో మెత్తదనం ఉండి ఉంటుందని లెక్చరరు గారు. అయితే మొదటి బోరులోనే తెలిసేదని మేస్త్రి. చివరికి ఇద్దరికీ ఏమీ తేలలేదు. తేలని కొద్దీ వాళ్ళ మొహాలు వెలిగిపోతున్నాయి.

మధ్యాహ్నానికి వీధి వీధంతా టైలరు గారి ఇంటికే వచ్చింది. చెప్పుల షాపాయన వచ్చాడు, మందుల షాపాయన వచ్చాడు, ఎదురింటి పిన్నిగారు కాళ్ళు కడుక్కుని మరీ వచ్చింది. అందరూ వంతులవారీగా సిలిండరులోకి తొంగి చూడటం, ఏమీ కనపడకపోవడం, "అబ్బ, ఎంత పొట్టో!" అని పక్కకి జరగడం. మందుల షాపాయన ఓ అడుగు ముందుకేసి, పొద్దుటికీ ఇప్పటికీ కాస్త పెరిగినట్టుందన్నాడు.

మామగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి కూర్చున్నారు. "నా బండి మామూలు బండి కాదని నేను మొదట్నించీ చెప్తూనే ఉన్నాను, ఎవరైనా విన్నారా?" అని వచ్చినవాళ్ళందరితో అన్నారు. ఎవరో ఆయన నడిపే పద్ధతి వల్లే పొట్ట వచ్చిందేమోనంటే, అందులో నింద ఉందో పొగడ్త ఉందో తేల్చుకోలేక రెండింటికీ కలిపి ఓ నవ్వు నవ్వారు.

సాయంత్రం అయిదింటికి లెక్చరరు గారు మళ్ళీ వచ్చారు. ఈసారి చేతిలో ఇనుము కోసే రంపం, చంకలో అట్టముక్క ఉన్నాయి.

"పెద్దయ్యగారూ, మా కాలేజీ మీకు రుణపడి ఉంటుంది. దీన్ని నిలువునా రెండు చెక్కలు చేసి అద్దాల బీరువాలో పెడతాం. మీ పేరు పెద్ద అక్షరాలతో రాయిస్తాం."

"కోస్తే మాత్రం కనపడుతుందా? పొట్ట మొత్తం మూడు గీతలు. వెంట్రుకలో సగం లేదు" అన్నాడు మేస్త్రి.

"భూతద్దం పెడతాం."

మామగారి నవ్వు ఆగిపోయింది. ఆయన మేస్త్రి వైపు తిరిగారు. "అంటే ఇది ఇక నడవదా?"

మేస్త్రికి పొద్దుట్నుంచీ ఆశ్చర్యంలో మర్చిపోయిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. తల దించుకున్నాడు. "పది దాటింది పెద్దయ్యా. రింగులు వేసినా పట్టు ఉండదు. పొగ తప్ప రాదు."

మామగారు కుర్చీలోంచి లేచి సిలిండరు దగ్గరికి వెళ్ళి, దాని చుట్టూ ఉన్న ఇనుప రెక్కల మీద అరచెయ్యి ఆనించారు. "సరే అయితే, కోసుకోండి. ఏదో ఒక పనికొస్తుందిగా" అన్నారు. టైలరు గారికి ఏడుపొచ్చినంత పనైంది. ఒక మనిషి తనకిష్టమైనదాన్ని ఇంత మెల్లగా వదులుకోవడం ఆయన ఎప్పుడూ చూడలేదు.

లెక్చరరు గారు గొంతు సవరించుకుని, అట్టముక్క మీద రాయడం మొదలుపెట్టారు. అక్షరాలు రాస్తూ పైకి చదవడం ఆయన అలవాటు. "పైన తొమ్మిది, ఎనిమిది..."

"ఛాతీ" అన్నారు టైలరు గారు నీరసంగా.

"ఛాతీ తొమ్మిది, ఎనిమిది. నడుము పన్నెండు, పదకొండు..."

అప్పుడే టీ పళ్ళెంతో లోపల్నుంచి వచ్చిన టైలరు గారి భార్య ఆగిపోయింది. మధ్యాహ్నం నుంచి నలభై మందికి టీలు కాస్తూ ఆవిడ వంటింట్లోనే ఉండిపోయింది. పొట్ట వచ్చిందన్న మాట తప్ప, ఎంతకెంత అన్న అంకె ఆవిడ చెవిన పడటం ఇదే.

"పన్నెండేమిటండీ?"

"నువ్వు రాసిందే" అన్నారు టైలరు గారు.

"నేను రాసింది పన్నెండే. మీరు చెప్పింది ఎనిమిదిగా?"

లెక్చరరు గారి కలం అట్టముక్క మీదే ఆగిపోయింది.

"నేను ఎనిమిదని చెప్తే నువ్వు పన్నెండని ఎందుకు రాశావు?"

"యాభై దాటిందన్నారుగా. నాలుగు కలిపాను."

"ఎందుకు కలిపావే?"

"ఎప్పుడూ కలుపుతానుగా!" అందావిడ, ఇందులో అడగడానికేముందన్నట్టు. ఆ తర్వాత అందరి మొహాలూ చూసి, ఇది ఎవరికీ తెలియని సంగతని అర్థమై, పళ్ళెం కింద పెట్టింది. "మగాళ్ళు టేపు నడుముకి రాగానే ఊపిరి బిగబడతారండీ. అందుకు రెండు. భోజనం చేశాక కూర్చోవాలి కదా, అందుకొకటి. మీరు మొహమాటానికి టేపు కాస్త లాగి పట్టుకుంటారు, అందుకొకటి. నలభై దాటితే రెండు కలుపుతాను, యాభై దాటితే నాలుగు. పొద్దున మీరు 'నడుము' అనగానే చెయ్యి దానంతటదే కలిపేసింది. ఇనుము ఊపిరి బిగబట్టదన్న ఆలోచనే రాలేదు నాకు."

షెడ్డులో ఉన్న మగవాళ్ళందరూ ఒక్కసారి తమ నడుము వైపు చూసుకున్నారు.

"అమ్మా, నాకెంత కలుపుతారు?" అన్నాడు మేస్త్రి చిన్న గొంతుతో.

"మీకు అయిదు. మీరు కొలతప్పుడు మాట్లాడటం కూడా మానేస్తారు."

లెక్చరరు గారు చొక్కా కిందికి లాక్కున్నారు. "నాకు అక్కర్లేదనుకుంటాను."

"మీకు మూడు. పోయినేడు నుంచి నాలుగు."

చెప్పుల షాపాయన ఏమీ అడక్కుండానే వెనక వరసలోకి జరిగాడు. మామగారు మాత్రం ఎవరి నడుమూ పట్టించుకోలేదు. "కొలవండి! మళ్ళీ కొలవండయ్యా!" అని కుర్చీ చేతిని దబదబా కొట్టారు.

ఈసారి గేజు మేస్త్రి పట్టుకున్నాడు, కళ్ళు మూసుకుని, వేళ్ళతోనే ఊపుతూ. సూది లెక్చరరు గారు చదివారు. సూది వెళ్ళింది, ఆగింది, తిరిగింది.

"ఎనిమిది" అన్నారు లెక్చరరు గారు. గొంతులో కాస్త నిరాశ ఉన్నా, దాని వెనకే నవ్వు వచ్చేసింది. "అడ్డం ఏడు. పొట్టా లేదు, ఏమీ లేదు. దివ్యంగా ఉంది."

మామగారు సిలిండరుని ఒళ్ళోకి తీసుకున్నారు. ఇస్త్రీ చొక్కా నిండా నూనె అయింది.

టైలరు గారు బోర్లించిన డబ్బా మీద కూర్చుండిపోయారు. ముప్పై ఏళ్ళు. ఎన్ని వేల ప్యాంట్లు! వాటిలో ఒక్కటి కూడా తను కొలిచిన నడుముతో కుట్టింది కాదు. ఊరు మెచ్చుకున్న కొలత తనది కాదు. స్టూలు మీద కూర్చుని, టేపు ముట్టుకోకుండా, మనిషి మొహం చూసి వాడు దాచుకున్నదెంతో అంగుళం తేడా లేకుండా చెప్పగల మనిషి తన పక్కనే ముప్పై ఏళ్ళుగా ఉంది, తనేమో ఆవిడ పని పెన్సిలు చెక్కడం అనుకున్నారు. సిగ్గేసింది. సిగ్గు వెనకాలే, ఆ పొద్దున సూది కదిలినప్పుడు ఒళ్ళు జలదరించినట్టే ఇప్పుడూ జలదరించింది.

"మరి ఇన్నేళ్ళలో నాకొక్క మాట చెప్పలేదేం?"

"చెప్తే మీరు ఒప్పుకోరు. టేపు ఏం చెప్తే అదే రాయమంటారు. అప్పుడు ఊళ్ళో సగం మంది మగాళ్ళు బొత్తాం పెట్టుకోలేరు" అంది ఆవిడ. ఆ మీదట కాస్త మెత్తగా, "మీ టేపు తప్పు చెప్పదండీ. దాని లోపలున్నవాళ్ళే చెప్తారు" అంది.

మేస్త్రి నల్ల కళ్ళజోడు పెట్టుకుని, సిలిండరుకి పెట్టినట్టే ఆవిడకీ దణ్ణం పెట్టాడు. "నేను జీవితమంతా ఇనుమునే కొలిచాను తల్లీ. అది నిజమే చెప్తుంది. మీ పని ముందు నా పని పిల్లలాట."

కొత్త రింగులు పడ్డాయి. రెండు వారాల తర్వాత, షాపు సెలవు రోజునే, బండి వీధిలోకి వచ్చింది. టైలరు గారు ఆరుసార్లు కిక్కు కొట్టారు, ఆరుసార్లూ అది తుమ్మింది. ఏడోసారి అందుకుంది. ఆ దబ్‌దబ్ శబ్దం వినగానే ఆయన భార్య గుమ్మంలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎదురింటి పిన్నిగారి కిటికీ అద్దాలు కూడా కొట్టుకున్నాయి. పదకొండేళ్ళు నిద్రపోయిన ఇనుము, ఓ వెంట్రుకంత అరిగి, ఇంకా ఇంత ప్రాణం దాచుకుంది!

మామగారిని ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. ఆయన కళ్ళు తుడుచుకుని, "పోనివ్వండి" అంటూ పడిపోకుండా అల్లుడి నడుము చుట్టూ చేతులు వేశారు. వేసి, కాసేపు వెతుక్కుని, ఇంజను మోతని మించి అరిచారు.

"అల్లుడు గారూ! చేతులు కలవడం లేదేమిటి? మీ నడుమెంత?"

"ముప్పై నాలుగే మావయ్యగారూ!"

"నాలుగు కలుపుకో నాన్నా!" అని గుమ్మంలోంచి వినపడింది.

మామగారు మనసులో లెక్క వేసి చూసుకుని, సీటు పట్టీ పట్టుకున్నారు.